షూటింగ్ ముగించుకుని వస్తూ దారిలో ఆగితే, డిక్కీలో ఉన్న తుపాకీ సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో ఉంటున్నారు. షాట్‌గన్ సర్టిఫికెట్, అంటే ఆ రకం తుపాకీ ఉంచుకోవడానికి పోలీసులు ఇచ్చే అనుమతి, వచ్చి ఆరు నెలలైంది. ఆదివారం పొద్దున క్లే షూటింగ్‌కు, అంటే గాల్లోకి విసిరే మట్టి బిళ్లలను కాల్చే ఆటకు, వెళ్తున్నారు. తిరుగు దారిలో మిత్రులు ఎక్కడో ఒకచోట భోజనానికి ఆగుదామంటారు. డిక్కీలో తుపాకీ ఉండగా ఆగవచ్చా? ఆగితే దాన్ని కారులో వదలాలా, లోపలికి తెచ్చుకోవాలా? హోటల్ వాళ్లకు చెప్పాలా?

ఆగవచ్చు. ఆగకూడదని ఇంగ్లండ్ చట్టంలో ఎక్కడా లేదు. మామూలు భోజనానికైతే తుపాకీని లోపలికి తీసుకెళ్లకండి. ఖాళీ చేసి, స్లిప్పు అనే తుపాకీ సంచిలో పెట్టి, బయటి నుంచి ఏమాత్రం కనిపించని డిక్కీలో తాళం వేసి ఉంచండి. దాని ఫోర్‌ఎండ్‌ను, అంటే గొట్టాల కింద ఉండే చెక్క ముక్కను, విప్పి మీ దగ్గరే పెట్టుకోండి. కారు కనిపించే చోట కూర్చోండి. మందు ముట్టకండి. గంటలోపు లేచి రండి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా నేరుగా ఇంటికి వెళ్లి, తుపాకీని బీరువాలో పెట్టి, ఆ తర్వాత భోజనానికి బయలుదేరండి. నేనైతే పదిలో ఎనిమిదిసార్లు ఈ రెండోదే చేస్తాను.

నేను బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాను, వృత్తిరీత్యా వైద్యుణ్ని. పద్నాలుగేళ్లుగా క్లే షూటింగ్ చేస్తున్నాను. చలికాలంలో రెండు మూడుసార్లు ఫెజెంట్ అనే పక్షి వేటకు కూడా పిలుపు వస్తుంది. చట్టం నేను చదువుకుని నేర్చుకున్నదే. మర్యాద మాత్రం మా పక్క పొలం రైతు ఒకాయన నేర్పారు. ఆయన మొదటిరోజే చెప్పిన మాట: నువ్వు షూటింగ్‌కు వెళ్లొచ్చావని నీ బూట్ల బురద చూసి తెలిస్తే తెలియనీ, తుపాకీని చూసి మాత్రం తెలియకూడదు.

సర్టిఫికెట్ మీద అచ్చువేసిన షరతులు ఒకసారి తీసి చదవండి. చాలామంది చదవరు. ఇంట్లో ఉన్నప్పుడు తుపాకీని అనుమతి లేనివారి చేతికి అందకుండా భద్రపరచాలని ఒక మాట ఉంటుంది. వాడుకలో, ప్రయాణంలో ఉన్నప్పుడు తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలని మరో మాట ఉంటుంది. ఇనుప బీరువా మొదటిదానికి. భోజనానికి ఆగడం రెండోదాని కిందకు వస్తుంది. ఎంత జాగ్రత్త సరిపోతుందో అంకెల్లో రాయలేదు కాబట్టి, తుపాకీ పోయిన రోజున మీరు ఏం చేశారో ఒక పోలీసు అధికారి ఎదుట కూర్చుని వివరించాల్సి వస్తుంది. దారిలో ఆగే ముందు ఆ వివరణ ఒకసారి మనసులో చెప్పి చూసుకుంటాను. చెప్పుకోవడానికి సిగ్గుగా అనిపిస్తే ఆగను.

ఇక చట్టంలో చాలామంది తికమకపడే ఒక చోటు ఉంది. 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం 19వ సెక్షన్ బహిరంగ స్థలంలో తుపాకీ వెంట ఉంచుకోవడం గురించి చెబుతుంది. షాట్‌గన్ విషయంలో నేరమయ్యేది తూటాలు నింపి ఉన్నప్పుడు. రైఫిల్ అయితే నింపకపోయినా, దానికి సరిపోయే తూటాలు వెంట ఉంటే చాలు, తగిన కారణం చూపాలి. షూటింగ్ రేంజ్ నుంచి ఇంటికి వెళ్లడం తగిన కారణమే. కానీ రేంజ్ నుంచి బయలుదేరి సినిమాకూ, షాపింగ్‌కూ, చుట్టాలింటికీ తిరుగుతుంటే ఆ కారణం గంటగంటకూ పలచబడుతుంది. విడ్డూరం ఏమిటంటే, సాధారణంగా సర్టిఫికెట్ కూడా అక్కర్లేని తక్కువ శక్తి ఎయిర్ రైఫిల్‌కు ఈ సెక్షన్ ఇంకా గట్టిగా వర్తిస్తుంది. నింపినా నింపకపోయినా కారణం చూపాల్సిందే. అది బొమ్మ తుపాకీ కదా అని పిల్లల కోసం కొని కారులో పడేసి తిరిగే మనవాళ్లను చూశాను. అందుకే చెబుతున్నాను. స్కాట్లాండ్‌లో అయితే 2016 చివరి నుంచి దానికీ సర్టిఫికెట్ కావాలి.

ఫోర్‌ఎండ్ ఎందుకు విప్పమన్నానో చెబుతాను. కింద ఒక గొట్టం, పైన ఒక గొట్టం ఉండే మీ తుపాకీలో, గొట్టాలను వెనుక భాగానికి పట్టి ఉంచేది ఆ చెక్క ముక్కే. అది లేకపోతే తుపాకీ రెండుగా విడిపోతుంది. దొంగకు చేతికొచ్చేది పనికిరాని సామాను. పైగా ఒక్కో తుపాకీకి దాని ముక్క కుదరాలి కాబట్టి ఎక్కడ పడితే అక్కడ మరొకటి దొరకదు. రైఫిల్ అయితే తూటాను గొట్టంలోకి నెట్టి మూసే బోల్ట్ అనే భాగాన్ని తీసి పెట్టుకుంటారు. సెమీ ఆటోమేటిక్ అయితే బారెల్ విప్పడమో బోల్ట్ తీయడమో చేస్తారు. ఒకే ఒక్క చిక్కు: ఫోర్‌ఎండ్ ఏ జేబులోనూ పూర్తిగా పట్టదు. కోటు జేబులోంచి ఒక కొస బయటికి చూస్తూ ఉంటుంది. నేను చిన్న భుజం సంచి ఒకటి దీనికే ఉంచుకున్నాను.

ఆ సంచి కొనడానికి వెనుక ఒక కథ ఉంది. రెండో ఏడో మూడో ఏడో, ఒక రెస్టారెంట్‌లో ఫోర్‌ఎండ్‌ను కుర్చీలో పక్కన పెట్టుకుని బిర్యానీ తిన్నాను. లేచి వచ్చేశాను. నలభై మైళ్లు వెళ్లాక, ఇంటి ముందు, తుపాకీ బిగిద్దామని చూస్తే ముక్క లేదు. ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి, "సార్, అప్పడాల కర్రలాంటిది ఒకటి ఉంది, అదేనా?" అన్నాడు. తుపాకీ బీరువాలో పెట్టి మళ్లీ ఎనభై మైళ్లు తిరిగాను. ఆ కుర్రాడికి అది ఏమిటో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

చెప్పాలా వద్దా అన్నదానికి నా జవాబు, చోటును బట్టి. పట్నంలో మామూలు రెస్టారెంట్ అయితే చెప్పకండి. మీరు లోపలికి తీసుకురాని వస్తువు గురించి వాళ్లకు చెప్పి కంగారు పెట్టడం ఎందుకు? పక్క బల్ల మీద వాళ్లు విన్నా కష్టమే. ఇక్కడ మామూలు పోలీసుల దగ్గర తుపాకీ ఉండదు. ఎక్కడైనా తుపాకీ కనిపించిందని ఫోన్ వెళ్తే ఆయుధాలున్న ప్రత్యేక బృందం వస్తుంది. వాళ్లు ముందు మిమ్మల్ని నేల మీద పడుకోబెట్టి ఆ తర్వాత సర్టిఫికెట్ అడుగుతారు. తప్పు వాళ్లది కాదు. మీరున్న రీడింగ్‌కు హంగర్‌ఫర్డ్ గంట దూరం కూడా లేదు. 1987లో అక్కడ ఒకడు పదహారు మందిని కాల్చి చంపాడు. 1996లో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో పదహారుమంది చిన్నపిల్లలు, వాళ్ల టీచరు చనిపోయారు. ఆ తర్వాతే చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు. 2021లో ప్లిమత్‌లో మళ్లీ జరిగింది, చంపినవాడికి షాట్‌గన్ సర్టిఫికెట్ ఉంది. ఈ ఊళ్లలో యాభై దాటిన ఎవరికైనా ఆ వార్తలు గుర్తుంటాయి. మీ ఎదురుగా టీ తాగుతున్న ఆవిడకు అవి గుర్తుకు రాకుండా చూడటం మన పని.

పల్లెటూరి పబ్బు వేరు. చుట్టూ వేట పొలాలే ఉండే చోట పబ్బు యజమానికి ఇవన్నీ అలవాటు. అలాంటి చోటికి నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే ముందు రోజు ఫోన్ చేసి, షూటింగ్ నుంచి వస్తాం, కార్లు కిటికీకి ఎదురుగా ఆపుకోవచ్చా అని అడుగుతాను. ఎప్పుడూ కాదనలేదు. ఒకాయన అయితే తన సొంత తుపాకుల గదిలో పెట్టుకోమని ఎంతో ప్రేమగా అన్నాడు. దండం పెట్టి వద్దన్నాను. ఆయనకు సర్టిఫికెట్ ఉందో లేదో చూడకుండా నా తుపాకీ ఆయన అధీనంలో పెట్టడం ఇద్దరికీ ముప్పే. సర్టిఫికెట్ ఉన్నవాడికి మన షాట్‌గన్‌ను 72 గంటలలోపు అరువివ్వడానికి చట్టంలో చోటుంది. లేనివాడి చేతిలో ఐదు నిమిషాలకు వదిలినా అది మరో కథ.

ఈ "ఎవరి అధీనంలో" అన్న మాట దగ్గరే మన తెలుగువాళ్లం ఎక్కువగా జారిపడతాం. కొన్ని సందర్భాలు చెబుతాను.

భార్యను కారులో కూర్చోబెట్టి, "ఇప్పుడే పాలు తెస్తాను" అని షాపులోకి వెళ్లడం. ఆవిడ కారును కనిపెట్టుకుని ఉండటం మంచిదే, దొంగ దగ్గరికి రాడు. కానీ డిక్కీ తాళం, ఫోర్‌ఎండ్ మీతో రావాలి. ఆవిడకు సర్టిఫికెట్ లేకపోతే ఇంట్లో బీరువా తాళంచెవి ఎక్కడుందో కూడా తెలియకూడదు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా సరే. మా ఇంట్లో ఈ విషయం మీద ఒక దసరా మొత్తం మాటలు నడిచాయి.

పెళ్లి రిసెప్షన్‌లో కారు తాళం పార్కింగ్ కుర్రాడికి ఇవ్వడం. మీరు అతడికి ఇచ్చింది తుపాకీ పెట్టె తాళం. చేతితో కారు కడిగే చోటు, టైర్ల షాపు, సర్వీసుకు వదిలే గరాజ్, అన్నీ అంతే. షూటింగ్ రోజున ఆ పనులేవీ పెట్టుకోకండి.

చుట్టాల ఇంట్లో గృహప్రవేశం. ఒకసారి లెస్టర్‌లో దగ్గరివాళ్ల ఇంటికి అలా నేరుగా వెళ్లాను. నాకు సర్టిఫికెట్ ఉందని తెలిసిన ఒక పెద్దాయన పదిమందిలో, "డాక్టరు గారు తుపాకీ తెచ్చారర్రా, పిల్లలూ రండి చూద్దురుగాని" అన్నారు. పన్నెండు మంది పిల్లలు నా చుట్టూ చేరారు. వాళ్లకు చూపించలేను, లేదని అబద్ధం చెప్పలేను. ఇంట్లో ఉందని చెప్పి, నిజం చేయడానికి అక్కడి నుంచి బయటపడి, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాను. వాళ్లు ఇప్పటికీ అలిగే ఉన్నారు. తప్పు నాదే, ఆ రోజు అక్కడికి అలా వెళ్లడమే తప్పు.

ఆ పెద్దాయనను నేను తప్పుపట్టను. మా తాతగారికి కృష్ణా జిల్లాలో లైసెన్సు తుపాకీ ఉండేది. వీధి గదిలో గోడకు వేలాడేది. ఊరందరికీ తెలియడమే దాని ప్రయోజనం. తుపాకీ ఉన్న ఇల్లు అని చెప్పుకునేవారు. ఎన్నికలు వస్తే పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం కూడా ఒక ఊరేగింపులాగే జరిగేది. అక్కడ తుపాకీ హోదా. ఇక్కడ ఆ పద్ధతి పూర్తిగా తిరగబడింది. ముప్పై ఏళ్లుగా వేటాడే ఇంగ్లిషు రైతు ఇంటికి వెళ్లినా గోడ మీద తుపాకీ కనిపించదు. బీరువా ఏ గదిలో ఉందో మీరు అడగరు, ఆయన చెప్పడు. వాట్సాప్ గ్రూపులో తుపాకీతో ఫోటో పెట్టి కింద ఊరి పేరు రాసే మనవాళ్లకు ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలు.

కారు కూడా మాట్లాడుతుంది, గమనించండి. వెనుక అద్దం మీద షూటింగ్ సంఘం స్టిక్కరు, వెనుక సీటులో ఖాళీ తూటాల సంచి, చెవులకు పెట్టుకునే మఫ్స్, ఇవన్నీ డిక్కీలో ఏముందో చెప్పేస్తాయి. తుపాకీని దాచి వీటిని వదిలేస్తే దాచినట్టు కాదు. నా మొదటి ఏడాది చేసిన తెలివితక్కువ పని ఇదే. మోటార్‌వే మీద కార్లు ఆపుకుని సేదతీరే ఒక సర్వీసెస్‌లో ఆగి, స్లిప్పును వెనుక సీటులో పడుకోబెట్టి పైన కోటు కప్పి కాఫీకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కారు పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. "కోటు కింద ఏముందో నాకు తెలుసు, నాలాంటివాడు కాకుండా ఇంకొకడు చూసి ఉంటే?" అని అడిగి, నా జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. ఆయన నేను వచ్చేదాకా కాపలా ఉన్నాడని తర్వాత గాని నాకు తట్టలేదు.

సామాను ఏ చోట సర్దుతామన్నది కూడా ముఖ్యమే. హోటల్ కారు పార్కులో డిక్కీ తెరిచి ఫోర్‌ఎండ్ విప్పుతూ నిలబడకండి. ఆ పని షూటింగ్ గ్రౌండ్‌లోనే పూర్తి చేసుకుని బయలుదేరండి. తుపాకీ తెరిచి, రెండు గొట్టాల్లోంచి వెలుతురు చూసి, పక్కవాడికి చూపించి, విప్పి, స్లిప్పులోనో పెట్టెలోనో పెట్టి, తూటాలు వేరే చోట సర్దుకోవాలి. దారిలో ఆగాక డిక్కీ తెరవాల్సిన పనే ఉండకూడదు. డిక్కీలో ఏదైనా గట్టి కడ్డీకి తుపాకీని కట్టే ఉక్కు తీగ దొరుకుతుంది, కొనుక్కోండి. హ్యాచ్‌బ్యాక్ అయితే పైన మూత తప్పనిసరి.

సర్టిఫికెట్ కారులో పెట్టకండి, ఒంటి మీద ఉంచుకోండి. 48వ సెక్షన్ కింద పోలీసు అడిగితే చూపాలి, చూపకపోతే తుపాకీని స్వాధీనం చేసుకోవచ్చు. అందుకని వెంట ఉండాలి. కారులో ఎందుకు వద్దంటే దాని మీద మీ ఇంటి చిరునామా ఉంటుంది, మీ దగ్గర ఎన్ని తుపాకులున్నాయో కూడా ఉంటుంది. కారు దొంగకు అంతకన్నా మంచి కాగితం ఇంకేం కావాలి?

మందు గురించి మీరు అడగలేదు, కానీ మీ మిత్రులు అడుగుతారు. ఇంగ్లండ్‌లో బండి నడపడానికి రక్తంలో పరిమితి 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు. స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50. నేను ఈ లెక్కలోకి వెళ్లను. తుపాకీ ఉన్న రోజు సున్నా. తాగి ఉండి నింపిన తుపాకీ పట్టుకోవడం 1872 నాటి లైసెన్సింగ్ చట్టం కిందే నేరం. అదే సెక్షన్‌లో తాగి ఆవును తోలడం, ఆవిరి ఇంజను నడపడం కూడా ఉన్నాయి. నవ్వొస్తుంది గాని చట్టం ఇంకా బతికే ఉంది. పైగా తాగి బండి నడిపి పట్టుబడితే పోయేది డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే కాదు, తుపాకీ ఉంచుకోవడానికి మీరు తగినవారేనా అని పోలీసులు మళ్లీ చూస్తారు. ఫెజెంట్ వేటలో మధ్యాహ్నానికి ముందు స్లో జిన్ అనే ఎర్రటి తియ్యని మందు చిన్న గ్లాసుల్లో తిప్పుతారు. వద్దంటే మర్యాద తప్పుతుందని మీరు భయపడతారు. మర్యాదేమీ తప్పిపోదు. గ్లాసు అందుకుని పక్కవాడికి అందించండి, ఎవరూ గమనించరు. నేను పద్నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను.

వేట భోజనాల దగ్గర పద్ధతి ఇంకొంచెం వేరు. భోజనశాల గుమ్మం దాకా తుపాకీ పట్టుకురావడం మోటు. పిలిచినవాళ్లు తాళం వేసే గది చూపిస్తే అక్కడ, లేకపోతే మీ కారులో. బురద బూట్లు బయట విడవాలి, టోపీ తీయాలి. వెళ్లేటప్పుడు, వేట పక్షులను చూసుకునే గేమ్‌కీపర్ చేతిలో మడిచిన నోటు పెట్టడం, ఆయన ఇచ్చే ఫెజెంట్ జంటను కాదనకుండా తీసుకోవడం ఆనవాయితీ. ఈ ఆనవాయితీ వల్లే ఒకసారి ష్రాప్‌షైర్ నుంచి వస్తుంటే, కారులో ఉన్న మిత్రుడు దారిలోనే కదా అని టివిడేల్ బాలాజీ గుడికి ఆగుదామన్నాడు. డిక్కీలో తుపాకీ, దాని పక్కన ఈకలతో సహా రెండు పిట్టలు. దర్శనం మరుసటి వారానికి వాయిదా వేసుకున్నాం.

కారు చెడిపోతే ఏం చేయాలన్నది ముందే ఆలోచించుకోండి. నాకు ఒక డిసెంబరు రాత్రి జరిగింది. కారును లాగే లారీ అతడు రాగానే పక్కకు పిలిచి, డిక్కీలో తాళం వేసిన తుపాకీ ఉంది, కారును నేను లేకుండా ఎక్కడా వదలకూడదు అని చెప్పాను. అతడు నన్ను ముందు సీటులో కూర్చోబెట్టుకుని కారుతో పాటు మా ఇంటికే తెచ్చాడు. రాత్రికి వాళ్ల యార్డులో పెట్టిస్తామని ముందు ఆఫీసువాళ్లు ఫోనులో అన్నారు. అలా అయితే తుపాకీని మామూలు పెట్టెలో సర్దుకుని టాక్సీలో ఇంటికి వెళ్లేవాణ్ని. విప్పితే అది వయొలిన్ పెట్టెకన్నా కాస్త పొడవైన పెట్టెలో పడుతుంది. హోటల్లో రాత్రి బస చేయాల్సి వచ్చినా ఇదే పెట్టె మేలు. గదిలో మంచం కిందో అలమరలోనో తాళం వేసి, ఫోర్‌ఎండ్ వెంట పెట్టుకుని భోజనానికి దిగుతాను. కారులో రాత్రంతా మాత్రం వదలను.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కారు పోవచ్చు. పోతే ముందు పోలీసుకు, వెంటనే, ఆ నిమిషంలోనే చెప్పండి. ఇన్సూరెన్సు, ఇల్లు, మిత్రులు అన్నీ ఆ తర్వాతే. రేపు పొద్దున చూద్దాం అనుకున్న ఒక పరిచయస్తుడికి దొంగ మీద కన్నా ఆ ఆలస్యం మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి.

మీ ఆదివారాల విషయానికి వస్తే, మీరు చెప్పిన గ్రౌండ్ నుంచి మీ ఇంటికి ఇరవై ఐదు నిమిషాలేనని రాశారు. మిత్రులను పన్నెండున్నరకు కాకుండా ఒంటిగంటన్నరకు రమ్మనండి. ఆ గంటలో తుపాకీ తుడవడం కూడా అయిపోతుంది. తడిసిన గొట్టాలు స్లిప్పులో సాయంత్రం దాకా ఉంటే తుప్పు పడతాయి. మీ మిత్రులకు చెప్పడానికి ఆ కారణం చాలు.